బాడీ ఎర్త్

"నిజాంసాగర్ గేట్లు ఎత్తినారా?"

"ఒక్కటే ఎత్తినారు. అది గూడ సగమే."

కోడ్ సరిపోయింది. ఏజెంట్ పర్శరాములు కుర్చీ లాక్కుని కూర్చున్నాడు. కామారెడ్డి బస్టాండు ఎదుట హోటలు, మిట్టమధ్యాహ్నం. ఎదురుగా ఉన్న షిరీన్ నల్ల కళ్ళద్దాలు తీయలేదు. హోటల్లోని మగవాళ్ళంతా ఆమెనే చూస్తున్నారు, పర్శరాములు వైపు ఒక్కడూ చూడలేదు. నలభై ఆరేళ్ళ వయసు, కాస్త బొజ్జ, జేబులో రెండు పెన్నులు. పంతొమ్మిదేళ్ళుగా అతన్ని కాపాడుతున్న మారువేషం అదే. దానికోసం డిపార్ట్‌మెంటు ఏనాడూ శ్రమపడలేదు.

షిరీన్ డబుల్ ఏజెంట్. కార్ల్ అనే విదేశీ ఆయుధాల బేరగాడి దగ్గర డేటా ఇంజనీరుగా ఉంటూ అక్కడి గుట్టు మనవాళ్ళకు చేరవేస్తుంది. ఇక్కడి గుట్టు అక్కడికి ఎంత చేరవేస్తుందో అడగడం మర్యాద కాదని డిపార్ట్‌మెంటు అడగలేదు.

"బ్రీఫింగ్ రెండు నిమిషాలు," అంది షిరీన్. "ఎల్లారెడ్డి బయట కార్ల్ నలభై ఎకరాలు కౌలుకు తీస్కున్నడు. పంటలకు మందు కొట్టే డ్రోన్, పెట్రోల్ ఇంజన్‌ది, ట్రయల్ చేస్తున్నమని రైతులకు చెప్పిండు. ట్యాంకుల మందు ఉండది. బాంబు ఉంటది."

"టార్గెట్?"

"కామారెడ్డి స్టేషన్. శుక్రవారం నాలుగు ఇరవైకి మిలటరీ గూడ్సు ఆగుతది. పక్క లైన్ల ప్యాసింజర్ ఉంటది. నిండుగ."

"మరి ఇయ్యాలనే పట్టుకోరాదు?"

"పట్టుకుంటే ఒక్కటే దొరుకుతది. ఇంకో ఆరు యాడ దాచిండో నాకు గూడ తెల్వది. ఇది గాల్లనే ఫెయిలై, వైరింగ్ తప్పని కార్ల్ నమ్మిండనుకో, తక్కిన ఆరింటినీ ఒక్కచోటికి తెప్పించి చూపిస్తడు. అప్పుడు పడ్తం మీద."

"అంటే తప్పు మెకానిక్‌ది కావాలె."

"అవును. ట్యూనింగ్ కంప్యూటర్‌కు సెన్సర్ కలిపే పని జహూర్ ఆటో ఎలక్ట్రికల్‌కు ఇచ్చిండు."

పర్శరాములు చాయ్ కప్పు కింద పెట్టాడు. "నాకు పని నేర్పిన ఉస్తాద్ ఆయన."

"తెలుసు," అంది షిరీన్. "అందుకే నిన్ను పిలిపించినం. స్పేర్‌పార్ట్స్ డీలరువని కార్ల్‌కు చెప్పి ఇంజన్ నీ చేతికే ఇప్పిస్త."

జహూర్ షెడ్డు సిరిసిల్ల రోడ్డులో ఉంది. ఉద్యోగంలో చేరకముందు పర్శరాములు రెండేళ్ళు అక్కడ వైర్లు చుట్టాడు. జహూర్ భార్య తాహేరా పంపే టిఫిన్ డబ్బాలో సగం ఎప్పుడూ అతనిదే. మర్నాడు పొద్దున హైదరాబాదు స్పేర్‌పార్ట్స్ డీలరు వేషంలో, కార్ల్ పంపిన ఇంజనూ సామానూ వ్యానులో వేసుకుని దిగాడు. చేతిలో మల్టీమీటరు, దాని లోపల కెమెరా. జహూర్ ఏ ప్రశ్నా వేయలేదు. ఇరవై ఏళ్ళ తర్వాత ఎందుకొచ్చావని కూడా అడగలేదు.

"ఏమ్రా పర్శా, పెద్ద షావుకారివైనవట! రా, ఇటు కూసో. గీ తమాషా చూడు."

అరవై ఎనిమిదేళ్ళ మనిషి. కళ్ళలో కుర్రతనం పోలేదు గాని చేతులు వణుకుతున్నాయి. టంకం పెట్టేటప్పుడు కుడి మణికట్టును ఎడమ చేత్తో అదిమి పట్టుకుంటున్నాడు. అలా పెట్టిన టంకం చుక్క మాత్రం ముత్యంలా గుండ్రంగా కూర్చుంటోంది.

"గిది ముక్కు," అన్నాడు, వైడ్‌బ్యాండ్ ఆక్సిజన్ సెన్సర్ చూపించి. "పొగగొట్టంల కూసొని, కాలినంక ఎంత గాలి మిగిలిందో వాసన చూస్తది. గీ డబ్బా ఆ వాసనను సున్నా నుంచి ఐదు వోల్టుల లెక్కల కంప్యూటర్‌కు చెప్తది. వోల్టు ఎక్కువొస్తే పెట్రోలు సాల్తలేదని కంప్యూటర్ ఇంకింత పోస్తది."

"మరి గీ నల్ల వైరు?" అన్నాడు పర్శరాములు, తెలిసి కూడా.

"అసలుది గదే. అందరు తీస్కపోయి ఇంజన్ ఇనుముకే బిగించి బాడీ ఎర్త్ ఇస్తరు. లైటుకు, హారన్‌కు బాడీ ఎర్త్ నడుస్తది. దీనికి నడ్వది. సెన్సర్ల హీటర్ ఉంటది గద, దాని కరెంటు బాడీల కలిస్తే వోల్టు పెరిగి అబద్ధం చెప్తది. నల్లది సక్కగ కంప్యూటర్ ఎర్త్ పిన్నుకే పోవాలె. తప్పు పని నా షెడ్డు దాటి పోవద్దు రా."

మసీదు నుంచి మధ్యాహ్నపు జొహర్ అజాన్ వినిపించింది. నల్ల వైరును పిన్నుకు కలిపి, వైర్లను ఇంకా కట్ట కట్టకుండానే జహూర్ చేతులు తుడుచుకుని లేచాడు. "దుకాణం నీ మీదనే. నమాజ్ చేసుకొనొస్త."

పర్శరాములుకు నాలుగు నిమిషాలు పట్టింది. నల్ల వైరును పిన్ను నుంచి తప్పించి మూత లోపల ఇంజను బాడీ మీద ఒక బోల్టు కింద బిగించాడు. బోల్టు కింది తుప్పును కావాలనే గీకలేదు. నేల మీద నడిపినంతసేపూ తేడా కొద్దిగానే ఉంటుంది. గాల్లోకి లేచి ఇంజను అదిరేకొద్దీ అబద్ధం పెద్దదవుతుంది, పెట్రోలు మితిమీరి ప్లగ్గులు మసిబారతాయి. కష్టమైనది ఆ తర్వాతి పని. జహూర్ తన వైర్ల కట్టను టేపుతో చుట్టడు. మైనం రాసిన దారంతో అంగుళానికొక ముడి వేసి కడతాడు. ఆ ముడి కామారెడ్డిలో ఇద్దరికే తెలుసు. రెండోవాడు ఇప్పుడు ఆ కట్టను మొదటివాడి చేతిరాతలోనే కట్టేసి, దొంగసంతకం పెట్టినవాడికి పట్టినట్టే చెమటలు పట్టి కూర్చున్నాడు.

జహూర్ తిరిగొచ్చి కట్టను వేళ్ళతో తడిమాడు.

"నువ్వే కట్టినవా? ముడి మర్వలేదు రా!" ముసలాయన మొహం వెలిగిపోయింది. "ఇంక విప్పి చూసేదేముంది. తీస్కపో."

ఆ మెచ్చుకోలు విన్నప్పుడు తనమీద తనకు కలిగిన రోత పర్శరాములు ఏ రిపోర్టులోనూ రాయలేదు. రాసే కాలమ్ లేదు కూడా.

శుక్రవారం మూడున్నర. ఎల్లారెడ్డి బయట కౌలు పొలంలో డ్రోన్ రన్‌వే మీద నిలబడింది. కార్ల్ ఖరీదైన టోపీ పెట్టుకుని వాచీ చూసుకుంటున్నాడు. దుబాయిలో పదేళ్ళున్నవాడు కాబట్టి హిందీ, ఉర్దూ వస్తాయి. తెలుగు మాత్రం రాదు. షిరీన్ ఎర్ర చీరలో లాప్‌టాప్ ముందు కూర్చుంది. జుమ్మా నమాజు ముగించుకుని జహూర్ కూడా వచ్చాడు. అతన్నెవరూ పిలవలేదు. తను వైరింగ్ చేసిన విమానం ఎగురుతుంటే కళ్ళారా చూడాలని ఆశపడి బస్సెక్కాడు.

ఇంజను స్టార్టయింది. జహూర్ తల పక్కకు వంచి విన్నాడు. పొగగొట్టం దగ్గరికి పోయి, చిటికెన వేలు అంచుకు రాసి చూసుకున్నాడు. వేలు నల్లబడింది.

"పర్శా, బంద్ చేపియ్. పెట్రోల్ ఎక్కువ తాగుతున్నది."

"లాప్‌టాప్‌ల గాలి-పెట్రోల్ మిక్స్చర్ కరెక్టుగనే ఉంది, చాచా," అంది షిరీన్, తల ఎత్తకుండా.

"లాప్‌టాప్‌కు ముక్కున్నదా బిడ్డా? నా ముక్కు చెప్తున్నది. నల్ల వైరు యాడనో తప్పింది. రెండు నిమిషాలియ్యుండ్రి, మూత తీసి చూస్త."

రెండు నిమిషాలు చాలు అతనికి. తప్పు పట్టుకుంటాడు, సరిచేస్తాడు కూడా. ఇంజను బంగారంలా నడుస్తుంది, నాలుగు ఇరవైకి కామారెడ్డి స్టేషన్లో మనుషులు మిగలరు. ఏ పాపమూ తెలియని ఆ మనిషి నిజాయితీ ఒక్కటే ఇప్పుడు కార్ల్‌కు సాయం చేస్తోంది.

"వాట్ ఈజ్ హి సేయింగ్?" కార్ల్ దగ్గరికి వచ్చాడు.

జహూర్ అతనివైపు తిరిగాడు. "సాబ్..." అని ఉర్దూ అందుకోబోయాడు.

పర్శరాములు ఆ ఇద్దరికీ మధ్యకు వచ్చాడు. తుపాకీ తీయడం ఇంతకంటే సులువు.

"సాలు ఉస్తాద్! నీ చేతులు చూస్కో. సక్కగ చాయ్ కప్పు పట్టుకునేతందుకు రాదు, కంప్యూటర్ల చెయ్యి పెడ్తవా? ముసలోనివైనవ్. నీ జమానా అయిపోయింది. ఏదో పాత పరిచయమని ఊకుంటే పదిమందిల నా ఇజ్జత్ తీస్తున్నవ్. పో, దూరం పోయి నిలబడు."

జహూర్ రెండు చేతులూ ఎత్తి చూసుకున్నాడు. వణుకుతున్నాయి, ఇప్పుడు మరీ ఎక్కువగా. వాటిని కుర్తా జేబుల్లో దాచుకుని నడిచిపోయి గట్టు మీద నిలబడ్డాడు.

"నథింగ్, సర్. ఓల్డ్ మ్యాన్," అన్నాడు పర్శరాములు.

నాలుగింటికి డ్రోన్ లేచింది. షిరీన్ స్క్రీన్ చదువుతోంది. లింగంపేట దాటింది. స్పీడు పడిపోతోంది. మిక్స్చర్ అంకె మాత్రం చెక్కు చెదరలేదు. నాలుగు పదహారు. స్టేషన్‌కు ఆరు కిలోమీటర్లు. ఇంజను ఎగదన్నుతోంది, చావడం లేదు. నాలుగు పంతొమ్మిది. మూడు కిలోమీటర్లు. రెండు కిలోమీటర్ల దగ్గర బాంబు దానంతటదే ఆర్మ్ అవుతుంది. పొరపాటున ఆ తుప్పు తక్కువైందా?

"టూ పాయింట్ టూ," అంది షిరీన్. స్క్రీన్ ఖాళీ అయింది. "సిగ్నల్ లాస్ట్."

కోసేసిన మక్కజొన్న చేనులో కూలింది డ్రోన్. బాంబు పేలలేదు. ప్యాసింజర్ పది నిమిషాలు లేటుగా కదిలింది. లేటైనందుకు రైల్వేను తిట్టుకుంటూ జనం ఇళ్ళు చేరారు.

కార్ల్ మనుషులు శకలాలు ఎత్తుకొచ్చారు. ప్లగ్గులు బొగ్గుముక్కలు. మూత తీస్తే బోల్టు కింద నల్ల వైరు, దానిమీద మైనపు దారం ముళ్ళు. కార్ల్ తెల్ల మొహం ఎర్రబడింది. "బాడీ ఎర్త్!" అని అరిచి ముసలాయన్ని నాలుగు భాషల్లో తిట్టాడు. జహూర్ ఆ వైరునే చూస్తూ ఉండిపోయాడు. అరగంటలో కార్ల్ ఫోన్లు చేశాడు. వారంలో ఆరు డ్రోన్లూ బిచ్కుంద దగ్గర ఒక గోడౌనుకు చేరాయి. మనవాళ్ళు ఆరింటినీ, కార్ల్‌నూ పట్టుకున్నారు.

మిషన్ సక్సెస్. కార్ల్‌ను మాత్రం కొద్దిరోజులకే పైవాళ్ళు ఏదో ఖైదీల మార్పిడి కింద వాళ్ళ దేశానికి పంపేశారు. షిరీన్ అతనితోనే వెళ్ళింది. అక్కడ కూడా మన మనిషేనట. జహూర్‌ను మనవాళ్ళు పదకొండు రోజులు ఉంచుకుని అడిగిందే అడిగి వదిలిపెట్టారు. నాసిరకం వైరింగ్ వల్ల మందు కొట్టే డ్రోన్ కూలిందని ఊరంతా పాకింది. షెడ్డు ముందు బండ్లు ఆగడం మానేశాయి.

"సార్, ఆయనకొక్కనికి నిజం చెప్త," అన్నాడు పర్శరాములు ఫోన్లో.

"ముసలాయన నోరు జారితే వైరు మార్చినవాణ్ణి తెచ్చిందెవరని కార్ల్ ఆరా తీస్తాడు," అన్నాడు చీఫ్. "షిరీన్ బతకాలా, వద్దా?"

అతను షెడ్డుకు వెళ్ళేసరికి జహూర్ ఖాళీ బల్ల ముందు కూర్చుని ఉన్నాడు. తిడతాడేమోనని పర్శరాములు ఆశపడ్డాడు. జహూర్ తిట్టలేదు, స్టూలు జరిపాడు.

"ఒక్కటి అడుగుత, సచ్చీ చెప్పు పర్శా. పదకొండు రోజులు గదే సోచాయించిన. నల్లది పిన్నుకే పెట్టినట్టు నాకు యాది. గని పొలంల చూస్తే బాడీకున్నది. నువ్వు ముడులేసినప్పుడు చూసినవ్ గద. నేను యాడ పెట్టిన?"

బయట రోడ్డు మీద ఏదో లారీ హారన్ కొట్టింది. పర్శరాములు ఉస్తాద్ కళ్ళలోకి చూశాడు. అలా చూస్తూనే చెప్పడం డిపార్ట్‌మెంటు నేర్పిన విద్య.

"బాడీకే పెట్టినవ్ ఉస్తాద్. నేను చూసిన. చెప్తె బాధపడ్తవని చెప్పలే."

జహూర్ చాలాసేపు తల ఊపాడు. "చెప్పాలె గద రా," అన్నాడు మెల్లగా. లేచి, టంకం కర్ర ప్లగ్గు పీకి, వైరు చుట్టి, డ్రాయర్లో పెట్టాడు. షట్టరు దించడానికి చేతులు సహకరించకపోతే పర్శరాములే సాయం పట్టాడు.

పంతొమ్మిదేళ్ళ సర్వీసులో ఏజెంట్ పర్శరాములు ఒక్క ప్రాణం కూడా తీయలేదని అతని ఫైల్లో ఉంది. ఆ వాక్యాన్ని సవరించాల్సిన అవసరం డిపార్ట్‌మెంటుకు కనపడలేదు.