మూడో వద్దు

పొద్దున్న ఏడింటికల్లా ఎస్తేరు గొంతు సవరించుకుని పదకొండో కొళాయిలోకి వెళ్ళింది.

అవతల గిన్నెల చప్పుడు. తొలిగొంతు యంత్రం అప్పటికే రెండుసార్లు అడిగి, రెండుసార్లు వద్దనిపించుకుని పక్కకి తప్పుకుంది. తెర మీద ఇంటావిడ పేరు, పన్నెండు చెంబుల దినవాటాలో మిగిలినవి తొమ్మిది, ఆ కింద మొహమాటాంకం డెబ్భై ఒకటి. డెబ్భై దాటినవాళ్ళు యంత్రానికైతే వద్దంటారు గానీ, మనిషి గొంతు వినపడగానే నీళ్ళు నములుతారు. ఎస్తేరు చేసే మలిగొంతు ఉద్యోగం పుట్టిందే ఆ నమలడం మీద.

"నమస్కారమండీ, ఆర్ద్ర సంస్థ నుంచి ఎస్తేరుని. పడమటి మిట్టల్లో మూడు రోజులుగా నీటిబండి రాని పాలెం ఒకటుంది. మీ వాటాలో ఒక్క చెంబు..."

"ఒక్క చెంబు, ఒక్క చెంబు!" అంది ఇంటావిడ. "మొహం కడుక్కుందామంటే మీరే, బియ్యం కడుగుదామంటే మీరే. గుడ్డ కుక్కితే గుడ్డలోంచి కూడా మాట్లాడతారేందమ్మా? మా ఆయన అసలు కొళాయే పీకి పారేస్తానంటున్నాడు."

"మీ ఇబ్బంది తెలుసండీ. కానీ అక్కడి పిల్లలు..."

"చాల్లే తల్లీ, పిల్లల సంగతి ఎత్తబాక. తీసుకో. తీసుకునిపో."

కొళాయి బుడబుడమంది. తొమ్మిది ఎనిమిదయింది. ఎస్తేరు ధన్యవాదాలు చెప్పేలోపే ఆవిడ కొళాయి కట్టేసింది. ఇచ్చినందుకు ఆనందం లేదు, తీసుకున్నందుకు గౌరవం లేదు. పన్నెండో కొళాయి దీపం వెలిగింది.

మూడో వద్దు మనిషి గొంతుకి చెబితే చాలు, ఆ ఇంటికి విడుపు దొరుకుతుంది. ఇక జన్మలో ఆర్ద్ర గొంతు అక్కడ వినపడదు. ఈ సంగతి ఒంగోలులో చంటిపిల్లలకి కూడా తెలుసు. బంతిభోజనాల్లో మొదటి రెండు వద్దులూ మర్యాదకే అంటారనీ, వడ్డించే చెయ్యి ఆగాల్సింది మూడోదానికేననీ నిబంధన రాసిన పెద్దమనిషి లెక్క. గట్టివాళ్ళంతా మొదటి ఏడాదే చెప్పేసి బయటపడ్డారు. మిగిలింది మొహమాటస్తులు. మొహమాటానికి పోతే ఏమవుతుందో సామెత ఉండనే ఉంది. ఇక్కడ మాత్రం దాహమవుతోంది. గోడల మీద 'ముష్టి కొళాయి' అని బొగ్గుతో రాస్తున్నారు. పోయిన నెల ఆడవాళ్ళు ఖాళీ బిందెలు కొట్టుకుంటూ ఊరేగారు. ఆ ఊరేగింపులోని వాళ్ళలో సగంమంది ఇంటికెళ్ళి మళ్ళీ ఒక చెంబు ఇచ్చారని ఎస్తేరుకి తెలుసు. అడిగింది తనే.

తన గొంతంటే ఊరికి ఒళ్ళుమంట. అందుకని ఆమె బయట నోరు విప్పడం మానేసింది. కూరల కొట్లో వంకాయల్ని వేలితో చూపిస్తుంది. కొట్టాయన ఆమెని మూగదనుకుని గుప్పెడు పచ్చిమిర్చి కొసరు వేస్తాడు. ఆ జాలికి మొదట్లో నవ్వొచ్చేది, తర్వాత ఏడుపొచ్చేది, ఇప్పుడు అలవాటైపోయింది. రోజుకి అరవై డెబ్భై వంటిళ్ళలోకి వెళ్ళే మనిషి, పని దిగిన దగ్గర్నుంచి మళ్ళీ పనికెక్కేదాకా ఎవరితోనూ ఒక్క ముక్క మాట్లాడదు. సిబ్బందికి మినహాయింపు కాబట్టి అద్దెగదిలో ఆమె కొళాయి కూడా పలకదు.

అయినా ఈ పని తప్పని ఎప్పుడూ అనుకోలేదు. ఆమె ఆ మిట్టల్లో పుట్టిన మనిషి. ముక్కూమొహం తెలియనివాళ్ళ చెంబు తాగి బతికిన మనిషి.

పదిన్నరకి తెర ఎర్రబడింది. జారుతున్న దాత. షేక్ మీరావలి, యాభై ఎనిమిదేళ్ళు, ఒంటరి నివాసం, మొహమాటాంకం తొంభై ఎనిమిది. నాలుగేళ్ళుగా రోజుకి ఎనిమిది చెంబులు ఇస్తూనే ఉన్నాడు, మలిగొంతు అవసరమే పడలేదు. ఇవాళ మొదటిసారి తొలిగొంతుకి రెండు వద్దులు చెప్పాడు.

"అమ్మాయ్, ఈయన్ని జారనివ్వకు," అన్నాడు చెవిలో పర్యవేక్షకుడు పద్మనాభం. "ధారాళమైన చెయ్యి. నువ్వు మెత్తగా మాట్లాడు, చాలు."

"నమస్కారమండీ, ఆర్ద్ర సంస్థ నుంచి ఎస్తేరుని..."

"అయ్యో, మనిషే వచ్చిందే!" అన్నాడు మీరావలి కంగారుగా. ఏదో మోటారు ఆపిన చప్పుడైంది. "కూర్చోమ్మా అందామంటే నువ్వు కొళాయిలో ఉంటివి. టిఫిన్ తిన్నావా?"

ఇన్నేళ్ళలో ఇన్ని వంటిళ్ళలో ఒక్కరు కూడా ఆ మాట అడగలేదు. తిట్టినవాళ్ళున్నారు, ఏడ్చినవాళ్ళున్నారు, పాట పెట్టి గొంతు నొక్కేసినవాళ్ళున్నారు. సంస్థ ఇచ్చిన ముప్ఫై పేజీల సంభాషణల్లో ఈ ప్రశ్నకి జవాబు లేదు.

"తిన్నానండీ," అంది, తినకపోయినా.

"నేను ఫ్యాన్లకి వైండింగ్ చేస్తానమ్మా. ఈ రాగితీగా, వార్నిష్ వాసనా, నేనూ. పొద్దుగూకులూ ఇంతే. ఆ మిషను గొంతుని ఎప్పుడూ కాదన్లా. ఇస్తే ఇంకాసేపు మాట్లాడేది, చల్లగా ఉండమని దీవించేది. అల్లా ఇచ్చిన నీళ్ళే గదా అనుకునేవాణ్ణి. ఇప్పుడు కిడ్నీలో రాళ్ళంట. తాగేదానికే రోజుకి నాలుగు చెంబులు ఉండాలన్నాడు డాక్టరు, లేకపోతే కిడ్నీ పోద్దంట. మీకిచ్చింది పోను నాకు మిగిలేదే నాలుగు. వంట దాంట్లోనే, స్నానం దాంట్లోనే. నమాజుకి ముందు కాళ్ళూ చేతులూ కడుక్కునే వజూ కూడా మట్టితోనే సరిపెడుతున్నా."

వద్దని చెప్పండి అనబోయి ఎస్తేరు నాలుక కరుచుకుంది. మూడో వద్దుని మలిగొంతు గుర్తుచేస్తే ఉద్యోగం ఆ నిమిషమే పోతుంది.

"మీకు వీలుపడకపోతే చెప్పండి," అని మాత్రం అంది.

"అదే చెబుదామని పొద్దుట్నించీ గుండె దిటవు చేసుకుంటున్నా. మిషనుకి చెప్పా, రెండుసార్లు. నీకెట్టా చెప్పేదమ్మా? ఇంటికొచ్చిన ఆడబిడ్డవైతివి." నిట్టూర్చాడు. "సరే, ఎప్పటి మాదిరే ఎనిమిదీ తీసుకో. రేపు చూద్దాం."

రేపు చూద్దామన్నవాళ్ళు రేపు కూడా చూడరు. అది ఎస్తేరుకి తెలిసినంతగా ఎవరికీ తెలియదు. నిజం చెప్పాలంటే ఆ రేపటి మీద ఆమెకి కూడా ఆశ పుట్టింది. రేపు మళ్ళీ రెండు వద్దులు చెబుతాడు, మళ్ళీ తనే వస్తుంది, మళ్ళీ తిన్నావా అని అడుగుతాడు. ఎల్లుండి కూడా. ఆయన కిడ్నీ ఎన్నాళ్ళు ఓర్చుకుంటే అన్నాళ్ళు. తన ఆశ తనకే అసహ్యమేసింది.

'స్వీకరించు' మీట మిణుకు మిణుకుమంటోంది. "నొక్కు, నొక్కు," అంటున్నాడు పద్మనాభం.

అడిగితే కాదనలేని మనిషి, పెడితే మాత్రం పుచ్చుకోడు. అలాంటివాళ్ళని ఎస్తేరు ఎరుగును. తనూ ఆ బాపతే.

"బాబాయ్," అంది, సంస్థ మర్యాదలన్నీ వదిలేసి. "నాకూ పన్నెండు చెంబులొస్తాయి. ఉండేది ఒక్కదాన్నే. నాలుగు నీ వైపు పంపిస్తా, ఉంచుకో."

"అయ్యయ్యో, వద్దమ్మా!"

ఆలోచించే వ్యవధి కూడా లేకుండా వచ్చేసింది ఆ మాట. వెంటనే గంట మోగింది. తెర మీద 'విడుపు' అని పడి, కొళాయి మూగబోవడానికి తొమ్మిది సెకన్ల గడువు మొదలైంది.

"ఏందమ్మా, ఆ గంట?"

"నీ మూడో వద్దు, బాబాయ్. ఇంక నీ కొళాయి నిన్నేమీ అడగదు. కడుపునిండా నీళ్ళు తాగు."

"నేనన్నది దానికి గాదే! అయితే... నువ్వు కూడా రావా?"

"రాను."

"మరి..."

కొళాయి మూగబోయింది. ఆ తర్వాత ఏమనేవాడో ఆమెకి ఎప్పటికీ తెలియదు. ఎస్తేరు కొంగుతో కళ్ళు తుడుచుకుంది.

పద్మనాభం తలుపు తోసుకుని లోపలికి వచ్చేశాడు. చెడ్డవాడు కాదు, పదిహేనేళ్ళుగా నీటిబండ్ల వెంట తిరిగి, ఎండకి చర్మం పొట్టు రేగిన మనిషి.

"ఎంత పని చేశావమ్మా! ఆయన నీళ్ళు ఎవరి గొంతులోకి పోతాయో నీకు తెలీదా? నువ్వు ఆ మిట్టదానివేగా?"

"తెలుసండీ. కాబట్టే అంటున్నా. అడుగుదాం. ఒక్కసారి అడుగుదాం. వద్దంటే లేచి వచ్చేద్దాం."

"ఒక్కసారి అడిగితే ఎవరిస్తారే?"

"ఇచ్చేవాళ్ళిస్తారు. ఇలా పిండుకుంటుంటే ఒకరోజు కొళాయిలన్నీ పీకేస్తారు. అప్పుడు మనవాళ్ళకి ఆ ఒక్క చెంబు కూడా దక్కదు."

పద్మనాభం తలుపు వైపు తిరిగాడు. "పైవాళ్ళతో మాట్లాడి వస్తా. అప్పటిదాకా ఏ కొళాయీ ముట్టుకోకు," అని వెళ్ళిపోయాడు.

ముప్ఫై నాలుగో కొళాయి దీపం వెలిగింది. ఎస్తేరు ఒక్క క్షణం చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. ఆ తర్వాత మీట నొక్కింది.

"నమస్కారమండీ. ఇవాళ అడగడానికి రాలేదు. నా వాటాలో మూడు చెంబులు మీకిద్దామని..."

అవతల పసిబిడ్డ ఏడుపు. "నిజంగానా?" అంది ఒక బాలింత గొంతు అనుమానంగా. "ఇస్తే ఇవ్వక్కా. బిడ్డకి నీళ్ళు పోసి రెండ్రోజులాయె."

ఎస్తేరుకి నవ్వొచ్చింది. ఈ పిల్ల మొహమాటాంకం ఎనభై మూడని చూపిస్తోంది తెర. సంస్థ లెక్కలన్నీ చెల్లని చోటొకటి ఉందన్నమాట. మూడు చెంబులూ పంపించింది. గంట మోగలేదు.

ముప్ఫై అయిదులో ఒక ముసలాయన. "మీ దగ్గర నేను పుచ్చుకోవడమేంటి, వద్దు వద్దు!" గంట. ముప్ఫై ఆరులో మాటలు తక్కువైన ఒక టీచరమ్మ. "వద్దండీ, థాంక్స్." గంట. ముప్ఫై ఏడు. గంట. నెలకొకటి మోగితే గొప్పనుకునే గంట, గది గోడలు దాటి వినపడుతోంది. పక్క గదిలో ఇంకో మలిగొంతు మాట ఆపేసి వింటోంది. కాసేపటికి అటువైపు నుంచి కూడా ఒకటి మోగింది.

వసారాలో పద్మనాభం పరుగెత్తుకొస్తున్న అడుగుల చప్పుడు. ఎస్తేరు తెర వైపు చూసింది. ఆరిపోయిన దీపాలు ఒక వరుస నిండాయి. ఒక్కో గంటకీ ఊళ్ళో ఒక వంటిల్లు ఆమెకి శాశ్వతంగా మూసుకుపోతోంది. ఇలాగే సాగితే, తిట్టడానికైనా ఆమెతో మాట్లాడేవాళ్ళు ఈ ఊళ్ళో ఎవరూ మిగలరు. భయమేసింది.

ఎస్తేరు ముప్ఫై ఎనిమిదో మీట నొక్కింది.