వరస తప్పిన పుస్తకం

"సార్, ఇంటర్ పిల్ల వచ్చింది!" అని గేటు దగ్గర్నుంచే కేకేశాడు అటెండర్ లింబయ్య.

పాపం, ఆయన తప్పేమీ లేదు. ఆ పిల్ల "ఇంటర్న్" అనే చెప్పింది. సరిగ్గా అప్పుడే బోధన్ రోడ్డు మీద ఓ లారీ హారన్ కొట్టేసరికి, ఆఖరి అక్షరం టైర్ల కింద పడిపోయింది.

లోపల పుస్తకాలు సర్దుతున్న అఖిలేష్‌ది కోటగిరి. లైబ్రరీ సైన్స్ పీజీ చదువుతూ, నెల రోజుల ఇంటర్న్‌షిప్‌కి ఈ లైబ్రరీకి వచ్చి రెండు రోజులైంది. రెండు రోజుల సీనియారిటీ జలుబు లాంటిది. ముందు గొంతు మారుతుంది.

"సూడు చెల్లె, ఇంటర్ బుక్కులు గా కిటికీ కాడుంటయ్. ముచ్చట్లు పెట్టొద్దు, పేజీలు చింపొద్దు," అన్నాడు తలెత్తకుండా.

తర్వాత తలెత్తాడు. కొంచెం ముందే ఎత్తాల్సింది.

పసుపుపచ్చ చున్నీ, చేతిలో యూనివర్సిటీ లెటరు, కళ్లలో వానకు ముందు మెరుపు.

"ఇంటర్ పాసయి ఐదేండ్లయింది. నాది గూడ లైబ్రరీ సైన్సే. బాల్కొండ నుంచి వచ్చిన, పేరు భాగ్యలక్ష్మి. ఇంకేమన్న రూల్సున్నయా... అన్నా?"

ఆ సాయంత్రం అఖిలేష్, 'చెల్లె' అన్న తన నోటిని రెండుసార్లు పుక్కిలించి కడుక్కున్నాడు. ఫలితం లేదు. "స్టాంపు ఇయ్యన్నా", "నిచ్చెన జరుపన్నా", "వాన పడ్తుంది, కిటికీ వెయ్యన్నా". పుస్తకాల వరస సర్దడానికి వచ్చినవాడు, మనుషుల వరస చెడగొట్టుకుని కూర్చున్నాడు.

లైబ్రేరియన్ ప్రమీలమ్మ బీరువాలు పంచింది. వ్యవసాయం, వంటలు అఖిలేష్‌కి. కథలు, కవిత్వం భాగ్యలక్ష్మికి.

"రోజూ సాయంత్రం ప్రతి పుస్తకం తన నంబరు వరసలో ఉందో లేదో చూడాలి. ఆఖరి రోజు నేనే తనిఖీ చేస్తా. ఒక్కటి తప్పినా సర్టిఫికెట్ మీద సంతకం ఉండదు. ఇంకో నెల ఊడ్చుకోవాల్సిందే."

మిగతావన్నీ బుద్ధిగానే ఉన్నాయి కానీ, చెరకు తెగుళ్ల పుస్తకం ఒక్కటే ఊరేగేది. ఓ సాయంత్రం వంటల్లో పాయసం పక్కన దొరికింది. గానుగ కూడా ఆడకముందే అంత తొందరేమిటో! మర్నాడు విరహ గీతాల మధ్య దొరికింది.

"ఇది నీ పనే అన్నా. నన్ను సాయానికి పిలుచుకునేటందుకు!"

"నా సర్టిఫికెట్ పోగొట్టుకోని పిలుస్తనా? నువ్వే దాస్తున్నవ్, నన్ను ఫెయిల్ చేయనీకి."

"నిన్ను ఫెయిల్ చేయనీకి నేను గింత కష్టపడాల్నా?"

పోట్లాడుతూనే ఇద్దరూ ఆ పుస్తకం కోసం బీరువాలన్నీ దేవులాడేవారు. పది నిమిషాల పని వానలు ముదిరేకొద్దీ అరగంటైంది. మధ్యలో ఆమె డబ్బాలోంచి పల్లిపట్టీ వచ్చేది. వాళ్ల బాపు పసుపు ఆరబెట్టిన రోజు వాన మొగులు ఎట్లా మోసం చేస్తుందో చెప్పేది. పుస్తకం ఎదురుగా కనిపిస్తున్నా అఖిలేష్ పక్క బీరువా వెతికిన రోజులున్నాయి.

మూడో వారం, మంగళవారం మధ్యాహ్నం అసలు దొంగ కంటబడింది. రోజూ షేర్ ఆటోలో వచ్చి, వేలు పెట్టి కూడబలుక్కుని చదివే సుమిత్రమ్మ. లేచి, అటూ ఇటూ చూసి, చెరకు పుస్తకాన్ని కవిత్వంలో దూర్చేసి వెళ్లిపోయింది.

అఖిలేష్ నోరు తెరిచాడు. సాయంత్రం దేవులాట గుర్తొచ్చింది. మూసుకున్నాడు.

ఆఖరి రోజు తనిఖీ మధ్యాహ్నమే మొదలైంది. చెరకు పుస్తకం దాని చోటులో లేదు. ప్రమీలమ్మ పెన్నుకు మూత పెట్టేసింది.

"అఖిలేష్, ఇంకో నెల."

"పిలగాన్ని ఏమనకు మేడమ్!" బెంచీ మీంచి లేచింది సుమిత్రమ్మ. "దాసింది నేనే. మా చెరుకుకు ఎర్రకుళ్లు వట్టింది. ఇంటికి తీస్కపోదమంటె కార్డు లేదాయె. కార్డుకు ఇద్దరు మెంబర్లు జామీను సంతకం పెట్టాల్నంట. ఎవర్నడుగుదు? నేను సదువుడు అయ్యేలోపట ఎవలన్న తీస్కపోతరని దాసిన."

పెన్ను మూత ఊడబోయింది. అఖిలేష్ గమ్మున ఉంటే గట్టెక్కేవాడే.

"నాకు పదిహేను రోజుల సంది ఎరుకే, మేడమ్."

"మరి చెప్పలేదేం?"

"చెప్తే, మా ఇద్దరి దేవులాడుడు బంద్ అయితది, మేడమ్."

భాగ్యలక్ష్మి చెవులు ఎర్రబడ్డాయి.

"నాకు పదహారు రోజుల సంది ఎరుక," అంది నేలను చూస్తూ.

"ఇదేంది? మీరు అన్నా చెల్లెండ్లు గదా!" లింబయ్య నెత్తి పట్టుకున్నాడు.

అప్పుడు అఖిలేష్ అందరి ముందూ మొదటి నుంచీ విప్పి చెప్పాడు. లారీ, హారన్, తెగిన అక్షరం, తలెత్తకుండా అన్న చెల్లె. "ఇంటర్న్ అని సక్కగ ఇనవడుంటే, పేరు వెట్టే పిలుస్తుంటి."

"వరస తప్పిన పుస్తకం దొరికితే ఏం చెయ్యాలమ్మా?" అడిగింది ప్రమీలమ్మ.

"తీసి దాని వరసల వెట్టాలె, మేడమ్," అంది భాగ్యలక్ష్మి.

ప్రమీలమ్మ సర్టిఫికెట్లు రెండింటి మీదా సంతకం చేసి, కార్డు ఫారం ముందుకు తోసింది. "మీరిద్దరూ ఇక్కడ మెంబర్లేగా? సుమిత్రమ్మకు జామీను పడండి. పక్కపక్కన."

అఖిలేష్ సంతకం పెట్టాడు.

"పెన్నియ్యి, అఖిలేష్," అంది భాగ్యలక్ష్మి.

చివర 'అన్నా' లేదు. అందరూ విన్నారు. రోడ్డు మీద లారీ కూడా ఏదీ పోలేదు.