ఆపరేషన్ ఆరెంజ్ బ్యాగ్

సరూర్‌నగర్ చెరువు కట్ట మీద పొద్దున్నే వాకింగ్‌కు వచ్చిన సైంటిస్ట్ ఉపేంద్ర, చెరుకురసం గ్లాసులో స్ట్రా వేసి ఒక గుక్క పీల్చాడు. రసం రాలేదు. సూది వచ్చింది. ఆయన ఆకాశం వైపు ఒకసారి చూసి, నిలబడ్డచోటే కూలిపోయాడు. జనం మూగేలోపు ఆయన జేబులోని 'రాకెట్ కన్ను' మాయమైంది.

రాకెట్ కన్ను అంటే బియ్యపు గింజంత చిప్. దాన్ని రాకెట్ ముక్కుకు అతికించి వదిలితే, నాగోల్‌లో ఎవరి చెప్పులు ఏ గుమ్మం ముందున్నాయో ఆకాశంలోంచే చూస్తుంది. చెప్పుల జోలికి పోదు. మనిషినే కొడుతుంది. అలాంటి కన్ను ఇప్పుడు తెల్లకొంగ ముఠా చేతిలో ఉంది. ఆ ముఠా పేరు చెబితే బ్యాంకాక్ పోలీసులు కూడా గొంతు తగ్గించి మాట్లాడతారు.

ఆ సమయానికి ఏజెంట్ శైలేందర్ దిల్‌సుఖ్‌నగర్ మెట్రో కింద మిర్చి బజ్జీల బండి దగ్గర ఉన్నాడు. పక్కన ఒక మనిషి వచ్చి నిలబడ్డాడు.

"సాగర్ రోడ్డుకు షార్ట్‌కట్ ఉందా అన్నా?"

"ఉండె. తవ్విర్రు."

"ఎప్పుడు పూడుస్తరు?"

"తవ్వినోడు మర్చిపోయినంక."

కోడ్ కలిసింది. హెడ్‌క్వార్టర్స్ నుంచి పిలుపు వచ్చినట్టే. ఆ మనిషి ఒక బజ్జీ తీసుకుని వెళ్లిపోయాడు. బిల్లు శైలేందర్ మీద పడింది. కోపం అక్కడ మొదలైంది.

శైలేందర్ కోపం డిపార్ట్‌మెంట్‌లో పేరున్న కోపం. ఒకసారి మంచుకొండల్లో దారి తప్పి, ఒక్క ఉస్మానియా బిస్కెట్ ప్యాకెట్‌తో మూడు దేశాలు దాటాడు. సరిహద్దులో సైనికులు తుపాకులు ఎత్తితే కళ్లెర్రజేసి చూశాడు. వాళ్ల తుపాకుల్లో మందుగుండు తడిసిపోయింది. ఏ దేశానికి పోయినా ఒంటరిగానే పోతాడు. గైడు లేడు, మ్యాపు లేదు, తోడు అసలే లేదు.

హెడ్‌క్వార్టర్స్ ఒక కోచింగ్ సెంటర్ పై అంతస్తులో ఉంది. బయట 'స్పోకెన్ ఇంగ్లిష్' అని బోర్డు. లోపల నల్లబల్లను తోస్తే తిరుగుతుంది. దాని వెనక చీఫ్ బాపిరాజు కూర్చుంటాడు. భీమవరం మనిషి. దేశం మునిగిపోతున్నా టీ చల్లారనివ్వడు.

బ్రీఫింగ్ టీ కంటే ముందే అయిపోయింది. చిప్ ఈ సాయంత్రం ఫ్లైట్‌లో బ్యాంకాక్ పోతోంది. తీసుకుపోయేది హాయిహాయి హాలిడేస్ అనే టూర్ కంపెనీ. దాని ఓనర్ ప్రసన్నకుమార్ ముఠాకు ఇక్కడి మనిషి. టూర్‌కు డబ్బు కట్టిన అందరికీ ఒక ఆరెంజ్ టోపీ, ఒక ఆరెంజ్ ట్రాలీ బ్యాగ్ ఫ్రీగా ఇచ్చాడు. అందులో ఒక్క బ్యాగ్ హ్యాండిల్లో చిప్ ఉంది. ఆ బ్యాగ్ మోసే మనిషికి ఏమీ తెలియదు. దిగాక బ్యాగ్ తీసుకుంటారు. మోసిన మనిషి మాత్రం తిరిగి రాదు.

టూర్ మేనేజర్ లలితకుమారి డబుల్ ఏజెంట్. ముఠా దగ్గర జీతం తీసుకుంటూ మనకు కబురు చేరవేస్తుంది. ఆమె మనదేనా అని శైలేందర్ అడిగితే, నెలలో సగం రోజులు మనదేనన్నాడు బాపిరాజు. ఎల్బీ నగర్‌లో బస్సెక్కేచోట, చిప్ మోసే మనిషి ముందు ఆగి ఆమె కూలింగ్ గ్లాసెస్ నెత్తి మీదికి తోస్తుంది. అదే సిగ్నల్.

"ఇక నీ ఇష్టం వోయ్," అన్నాడు బాపిరాజు. "గ్రూపుతో వెళ్తావా, విడిగా టికెట్ తీసుకుని వెనకాల వెళ్తావా?"

"గ్రూపా? సార్, ఎలుగుబంటి తోనన్న ఒక్క రూముల పంట గని గ్రూపుతోని పోను. ముంగట ఒకడు జెండ పట్టుకుంటడు, యెన్క మేకల మంద. ఆడు నవ్వుమంటే నవ్వాలె, ఉచ్చ పోసుకోమంటే పోసుకోవాలె. గదేం తిరుగుడు?"

బాపిరాజు టీ తాగేదాకా ఆగి, సొరుగులోంచి ఆరెంజ్ టోపీ తీసి బల్ల మీద పెట్టాడు. టోపీ లేనివాణ్ణి ఆ బ్యాగుల దగ్గరికి రానివ్వరు. "ఇష్టం అని అడిగింది మర్యాదకోయ్," అన్నాడు.

మేకల మంద అన్న మాట శైలేందర్ ఈ మధ్య ఇంకోచోట కూడా అన్నాడు. సొంత అక్క యాదలక్ష్మితో. తల్లి పోయాక అతణ్ణి పెంచింది ఆమే. భర్త చనిపోయాడు. సరూర్‌నగర్‌లో మ్యాచింగ్ సెంటర్ నడుపుకుంటూ, ఒక్కసారైనా విమానమెక్కి పై దేశం చూడాలని కోరిక. టూర్ వాళ్లతో పోనా, సొంతంగా పోనా అని తమ్ముణ్ణి అడిగింది. పోతే సొంతంగా పోవాలి, లేకపోతే ఇంట్లో కూర్చోవాలి అని అతను పెద్ద లెక్చర్ ఇచ్చాడు. ఆమె ఫోన్ పెట్టేసింది. ఆ తర్వాత ఇద్దరికీ మాటల్లేవు.

మధ్యాహ్నానికి శైలేందర్ ముసలాయన అయిపోయాడు. తెల్లగడ్డం, చేతికర్ర, చెవిలో మిషన్. చేతికర్ర తిప్పితే పిస్టల్. చెవి మిషన్‌కు చీమ గుసగుసలు కూడా వినపడతాయి. నెత్తి మీద ఆరెంజ్ టోపీ. ఆ టోపీ కింద అతని బుర్ర ఉడుకుతోంది.

ఎల్బీ నగర్ మెట్రో పిల్లర్ల పక్కన బస్సు ఆగి ఉంది. చుట్టూ ఆరెంజ్ టోపీలు. ప్రసన్నకుమార్ అందరి పాస్‌పోర్టులూ తీసుకుని నడుముకున్న పౌచ్‌లో కుక్కుకుంటున్నాడు. మీరు పారేసుకుంటారు, నా దగ్గర సేఫ్ అని చెబుతున్నాడు. జనం సంతోషంగా ఇచ్చేస్తున్నారు. శైలేందర్ పళ్లు నూరాడు. కట్టుడుపళ్లలో పెట్టిన కెమెరా నాలుగు ఫొటోలు తీసేసింది.

లలితకుమారి బస్సు దిగింది. మెరూన్ సూటు, నల్ల కళ్లద్దాలు. ఆమె జుట్టు వెనక్కి తోసుకుంటే ఒక ఆటో డివైడర్ ఎక్కింది. ఒక్కొక్కరినీ పలకరిస్తూ లైను చివరికి వచ్చింది. అక్కడ ఒక ఆడమనిషి ముందు ఆగింది. కళ్లద్దాలు నెత్తి మీదికి తోసింది.

ఆ ఆడమనిషి యాదలక్ష్మి.

శైలేందర్ చేతికర్ర పిడి చిట్లింది. ఒద్దన్నా వినలేదని అక్క మీద కోపం. అమాయకుల్ని చూసి మరీ ఏరుకున్న ప్రసన్నకుమార్ మీద కోపం. అన్నిటికంటే పైన ఇంకో కోపం ఉంది. అది ఎవరి మీదో ఆలోచించడానికి అతనికి టైం లేదు.

ఒక అడుగు ముందుకేసి ఆగిపోయాడు. అక్క పక్కన ఆరెంజ్ బ్యాగ్ లేదు. పాత రెగ్జిన్ బ్యాగ్, జిప్పు తెగితే చీర అంచుతో కట్టింది. చుట్టూ చూశాడు. సగం మంది దగ్గర ఆరెంజ్ బ్యాగుల్లేవు. గోనెసంచిలో సామాను తెచ్చినవాళ్లు కూడా ఉన్నారు.

ప్రసన్నకుమార్ కూడా అప్పుడే చూశాడు. ముఖం సున్నం కొట్టినట్టయింది. "మేమిచ్చిన బ్యాగేదమ్మా?"

"కొత్త బ్యాగ్ ఎవలన్న విమానంల ఏస్తరా? ఖరాబ్ గాదా?" అంది యాదలక్ష్మి. "తుర్కయంజాల్ల మా ఆడిబిడ్డోళ్లది ఇయ్యాల కొత్తింటి దావత్. ఉత్త చేతుల్తోని ఎట్ల పోవాలె? పొద్దుగాల్ల పోయి అండ్ల చీర, పసుపు కుంకుమ వెట్టి ఇచ్చొచ్చిన."

తెల్లకొంగ ముఠా ప్రపంచమంతా లెక్కలు వేసింది. స్కానర్లను మోసం చేసింది. మన దగ్గర ఫ్రీగా వచ్చిన కొత్త వస్తువు ఎవరూ వాడరని, మడత విప్పకుండా ఇంకొకరికి పెట్టేస్తారని మాత్రం దానికి తెలియదు.

ప్రసన్నకుమార్ అందరినీ బస్సెక్కించాడు. దారిలో చిన్న స్టాప్ ఉందని చెప్పి, బస్సును ఎయిర్‌పోర్ట్ వైపు కాకుండా సాగర్ రోడ్డు పట్టించాడు. ఫోన్ చేసి ముఠా మనుషుల్ని ముందే తుర్కయంజాల్ పంపాడు. యాదలక్ష్మిని తన పక్క సీట్లో కూర్చోబెట్టుకున్నాడు. శైలేందర్ చివరి సీట్లో ఉన్నాడు. చెవి మిషన్ తిప్పాడు.

చేతిలో ఉన్నది సెల్ఫీ స్టిక్ కాదని, తుపాకీ అని, అరిస్తే అదే చివరి అరుపని ప్రసన్నకుమార్ చెబుతున్నాడు. ఆ మాటలు విని లేచి కర్ర తిప్పబోయిన శైలేందర్ పక్కటెముకలకు చల్లగా ఏదో తగిలింది. లిప్‌స్టిక్. అంటే లిప్‌స్టిక్ పిస్టల్. పట్టుకున్నది లలితకుమారి.

"కూర్చోండి తాతగారూ," అంది మెల్లగా. "మీరు ఇప్పుడు కాలిస్తే ముందు పోయేది ఆవిడే. బ్యాగ్ కనబడేదాకా వాడు ఆవిణ్ణి ఏమీ చెయ్యడు. కనబడ్డాకే మనకి పని."

అతను కూర్చున్నాడు. ఒంటరిగా మూడు దేశాలు దాటినవాడికి బీఎన్ రెడ్డి నగర్ దాటేసరికి ప్రాణం పోయినంత పనైంది. ముందు సీట్లోంచి అక్క గొంతు వినిపించింది. "జర ఆ పుల్ల పక్కకు వెట్టి మాట్లాడు. నా కండ్ల గుచ్చుకుంటది."

తుర్కయంజాల్‌లో కొత్త ఇంటి ముందు షామియానా. బస్సు ఆగింది. ఎవరూ దిగొద్దని చెప్పి, ప్రసన్నకుమార్ యాదలక్ష్మి మెడ వెనక సెల్ఫీ స్టిక్ ఆనించి లోపలికి తీసుకుపోయాడు. డ్రైవర్ ఏసీ ఆపేశాడు. కిటికీల్లోంచి బగార అన్నం వాసన వచ్చింది. బస్సులో గొణుగుడు మొదలైంది. లంచ్ ఎప్పుడని ఒకరు, ఈ ఊరు ప్యాకేజీలో లేదే అని ఇంకొకరు.

డాబా మీద ఒక డ్రోన్ రెక్కలు తిరగడం శైలేందర్ చూశాడు. చిప్‌ను బ్యాంకాక్ దాకా తీసుకుపోనవసరం లేదన్నమాట. ఎగిరిపోతుంది. దాని తర్వాత అక్కతో వాళ్లకు పని లేదు. మెట్ల దగ్గర ముఠా మనుషులు నలుగురు కాపలా ఉన్నారు. కర్రలో తూటా ఒక్కటే.

జీవితంలో మొదటిసారి అతను వెనక్కి తిరిగి గ్రూపు వైపు చూశాడు. ఎండకు, ఆకలికి, ఆగిన బస్సుకు మండిపోతున్న నలభై ముఖాలు. ఇంత కోపం అతని ఒక్కడి దగ్గర ఎన్నడూ లేదు. డ్రైవర్ పక్కనున్న మైకు అందుకున్నాడు.

"అమ్మల్లారా, అయ్యల్లారా. గిదే మన లంచ్ పాయింట్. ఓనర్ సారు పైన ఒక్కడే తింటుండు. మన పాస్‌పోర్టులు గూడ ఆయన నడుముకే ఉన్నయ్."

అందరికంటే ముందు ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టర్ లేచాడు. "మూడు పూటలా భోజనం అని రాసిచ్చాడండీ వాడు," అన్నాడు పంచె ఎగ్గడుతూ.

ఆ తర్వాత జరిగింది తుర్కయంజాల్‌లో ఇప్పటికీ చెప్పుకుంటారు. ఆరెంజ్ టోపీల వరద షామియానా కిందినుంచి మెట్లెక్కింది. కాపలా ఉన్న నలుగురూ కరాటే తెలిసినవాళ్లు. కానీ హ్యాండ్‌బ్యాగులతో కొట్టే దెబ్బకు కరాటేలో విరుగుడు లేదు. ఒకణ్ణి చట్నీ గంగాళంలో కూర్చోబెట్టారు. మిగతా ముగ్గురు తామే వెళ్లి కూర్చున్నారు.

డాబా మీద ప్రసన్నకుమార్ చిప్‌ను డ్రోన్‌కు తగిలించి బటన్ నొక్కాడు. డ్రోన్ లేచింది. అతను సెల్ఫీ స్టిక్ యాదలక్ష్మి వైపు తిప్పాడు. శైలేందర్ కర్ర పేలింది, సెల్ఫీ స్టిక్ ఎగిరిపడింది. హెడ్‌మాస్టర్ కాలర్ పట్టుకున్నాడు, ఇంకొకావిడ పౌచ్ పీకింది. డ్రోన్ మాత్రం పిట్టగోడ దాటుతోంది. శైలేందర్ దగ్గర ఇంకో తూటా లేదు. లలితకుమారి లిప్‌స్టిక్ ఆ దూరం అందుకోదు.

యాదలక్ష్మి చేతికి అందింది దిష్టికి తెచ్చిపెట్టిన బూడిద గుమ్మడికాయ. రెండు చేతులతో ఎత్తి, కోపమంతా కలిపి విసిరింది. డ్రోన్, గుమ్మడికాయ కలిసి వీధిలో పగిలాయి. ముక్కల్లో బియ్యపు గింజంత వెలుగు.

పరుగెత్తి వచ్చిన ముసలాయన గడ్డం సగం ఊడి వేలాడుతోంది. యాదలక్ష్మి దాన్ని పట్టి పీకింది. తమ్ముణ్ణి చూసింది. ఏడవలేదు, కౌగలించుకోలేదు.

నీకు చెప్పిన కదా అక్కా అని అతను మొదలుపెట్టాడు. గుంపుతోని పోతే గిట్లనే...

"ఆపు," అంది. "ఎన్నేండ్ల సంది దేశాలు తిరుగుతున్నవ్. ఒక్కపారి అక్కా నువ్వు గూడ రా అన్నవా? గుంపుల ఎందుకు పోతున్ననో ఎరికేనా నీకు? ఆడ తలకాయలు లెక్కవెట్టెటోడు ఒకడుంటడు. నేను తప్పిపోతే బస్సు ఆగుతది. ఇంట్ల ఉంటే ఎవడు లెక్కవెడ్తుండు నన్ను?"

మూడు దేశాల సైన్యానికి జవాబు చెప్పినవాడు ఆరెంజ్ టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. ఇందాక ఆలోచించడానికి టైం లేని కోపం ఎవరి మీదో అతనికి తెలిసింది.

ఫోన్ మోగింది. బాపిరాజు. గ్రూపు దిగకపోతే బ్యాంకాక్‌లో ఉన్న ముఠా పెద్ద అనుమానపడి పారిపోతాడట. టూర్ ఆగకూడదు. గైడుగా రావాల్సిన ప్రసన్నకుమార్‌ను పోలీసులు తీసుకుపోయారు గనక కొత్త గైడు కావాలి. "నీ ఇష్టం వోయ్," అన్నాడు బాపిరాజు.

బగార అన్నం తిన్నాక బస్సు ఎయిర్‌పోర్ట్ దారి పట్టింది. పాస్‌పోర్టులు ఎవరివి వాళ్ల చేతుల్లో ఉన్నాయి. ముందు నిలబడి శైలేందర్ తలకాయలు లెక్కపెట్టడం మొదలుపెట్టాడు. మొదటి లెక్క అక్కతో. ఆమె కిటికీలోంచే చూస్తోంది, కానీ లెక్కలోకి వచ్చినప్పుడు తల కొంచెం ఎత్తింది.

అంతలో వెనకనుంచి హెడ్‌మాస్టర్ చెయ్యెత్తాడు. "గైడుగారూ, అక్కడ గడ్డపెరుగు దొరుకుతుందాండీ? దొరక్కపోతే మా ఆవిడకి వేడి చేస్తుంది, ఏసీ పక్క సీటుకి మార్చాలి, ఆవిడ మారితే వీళ్లు మారాలి."

ఏ శత్రువుకూ నోరు విప్పని ఏజెంట్ శైలేందర్, కాలర్‌లో కుట్టుకున్న విషం గోళీ ఉందో లేదో ఒకసారి తడిమి చూసుకున్నాడు.