మంటగొట్టంలో మృత్యువు

1968 మార్చి. భావనపాడు ఒడ్డున వలలో చేపలతో పాటు ఒక శవం పడింది. మెడ చుట్టూ సన్నటి ఉక్కుతీగ బిగించిన గుర్తు. కాలర్ లోపల చాకలి వేసిన గుర్తు, ఎన్.ఎం.

"బాయిలర్ ఇన్‌స్పెక్టర్ నారాయణమూర్తి," అన్నాడు చీఫ్, విశాఖలో ఒక మందుల షాపు వెనకగదిలో. "ఆయన తోలుసంచీ మాయమైంది. సర్టిఫికెట్ ఫారాలు, సీలు అందులోనే ఉన్నాయి."

ఏజెంట్ ఉమాపతి సిగరెట్ నలిపేశాడు. "బాయిలర్లు చూసుకునే మనిషిని చంపితే ఎవరికి లాభం, సార్?"

"విదేశీ ముఠాకి. గరివిడి అవతల కళింగసాగర్ జూట్ మిల్లు ఉంది. సరిహద్దులో మన జవాన్లు ఇసుక నింపి పేర్చుకునే సంచులు అక్కడే నేస్తారు. రేపు ఆ మిల్లు బాయిలర్‌కి ఏడాది తనిఖీ. అది పేలితే నాలుగొందల మంది పోతారు. అందరూ ప్రమాదమే అనుకుంటారు."

"రేపు వచ్చేవాడు నకిలీ అన్నమాట. పట్టేస్తాను."

"ఆగు. డిపార్ట్‌మెంట్ కూడా కొత్త ఇన్‌స్పెక్టర్ని పంపుతోంది. పేరు అడుగుదామంటే ఆ ఆఫీసులో ముఠా చెవులున్నాయి. అసలువాడి మీద చెయ్యేస్తే మన పరువు గంగలో కలుస్తుంది. రుజువు కావాలి. మిల్లులో మన డబుల్ ఏజెంట్ నీలవేణి ఉంది. ముఠా ఆమెను తమ మనిషే అనుకుంటోంది."

మర్నాడు ఉదయం బాయిలర్ హౌస్‌లో మాసిన గడ్డంతో, బొగ్గు పూసుకుని, బదిలీ ఫైర్‌మన్ వేషంలో ఉన్నాడు ఉమాపతి. చొక్కా గుండీలో కెమెరా. జార్జెట్ చీర, నల్లకళ్ళద్దాలతో మేనేజరు గారి స్టెనో అటుగా వచ్చింది.

"భావనపాడులో చేపలు పడ్డాయా?"

"వల ఇంకా ఆరలేదు."

కోడ్ సరిపోయింది. "నిన్న షిఫ్టు మారేటప్పుడు ఇద్దరు కొత్తవాళ్ళు ఇక్కడికొచ్చి వెళ్ళారు. ఎందుకో నాకు చెప్పలేదు," అంది నీలవేణి.

ఉమాపతి బొగ్గుకుప్ప, వాల్వులు, ప్రెషర్ గేజీ అన్నీ వెతికాడు. ఏమీ దొరకలేదు. పొయ్యి తలుపు వెనక మంట మండే, మనిషి పట్టేంత గొట్టంలోకి దూరి చూడాలని మాత్రం తట్టలేదు. అతను నేర్చిన గూఢచారి విద్యలో మసి లేదు మరి!

తొమ్మిదికి ఇన్‌స్పెక్టర్ నరసింగరావు దిగాడు. తెల్లప్యాంటు, తెల్లచొక్కా. బాయిలర్ మీద చెక్కిన రిజిస్టర్ నంబరు కాగితంతో సరిచూశాడు. సుత్తితో నాలుగుచోట్ల కొట్టి విన్నాడు. సేఫ్టీ వాల్వు చూశాడు. సర్టిఫికెట్ మీద సంతకం పెట్టి సీలు వేశాడు. అన్నీ పద్ధతిగా ఉన్నాయి. ఉమాపతి చెయ్యి పిస్టల్ దాకా వెళ్ళి ఆగిపోయింది.

"పొయ్యి వెలిగించు," అన్నాడు మేనేజర్ జగన్నాధం.

బాయిలర్ అటెండెంట్ అప్పలసూరి తెరిచి ఉన్న పొయ్యి తలుపుకు అడ్డంగా చతికిలబడ్డాడు. "ఎలిగించను."

"ఏమిట్రా?"

"ఇన్‌స్పెక్టరు బాబు గొట్టంలోకి దూరనేదు. దూరాక ఎలిగిస్తాను."

"సంతకం అయిపోయిందిరా."

"కాయితమ్మీద అయ్యింది బాబూ. బాయిలర్లో అవనేదు. నారాయణమూర్తి బాబయితే గోచీ ఎట్టి, దీపమట్టుకుని ఆ సివరి ఇటుకగోడ దాకా పాకీవోరు. బయటికొస్తే పళ్ళు తప్ప ఏటీ కనిపించీది కాదు. పదకొండేళ్ళు నానే నీళ్ళు పోసి ఈపు తోమినాను."

"నీ ఉద్యోగం ఊడుతుంది."

"ఊడనీండి. నా కూతురు అసిరమ్మ ఈ గోడవతల మిషనికి నారందిస్తన్నాది. ఉద్దోగం కోసం దాన్ని ఉడకెట్టమంటారేటి?"

ఉమాపతి దీపం అందుకున్నాడు. "దూరండి బాబూ, దీపం నేను పట్టుకుంటాను."

మసికి భయపడేవాడైతే తన ప్యాంటు చూసుకుంటాడు. నరసింగరావు మాత్రం గొట్టం వైపు చూశాడు. మొహాన చెమటలు పోశాయి. ఇంతకంటే రుజువేం కావాలి?

కానీ ఉమాపతి కంటే వాడే ముందు పిస్టల్ తీశాడు. పొయ్యి వెలిగించడానికని గోడన మండుతున్న కాగడాని రెండో చేత్తో లాక్కున్నాడు. గొట్టంలో కిరసనాయిలు పోసిన కట్టెలు సిద్ధంగా ఉన్నాయి. గొట్టం వేడెక్కడానికి అయిదు నిమిషాలు చాలు. వాడి జీపు బయట స్టార్టింగ్‌లోనే ఉంది.

"లే, ముసలోడా!"

"నేవను. నన్ను కాల్సి ఎలిగించుకో."

"నీలవేణీ, వీళ్ళెవరూ కదలకుండా చూడు."

"అలాగే," అంటూ ఆమె లిప్‌స్టిక్ మూత తిప్పింది. టప్ మంటూ దూసుకొచ్చిన గుండుకి వాడి పిస్టల్ ఎగిరిపడింది. వాడు అప్పలసూరి తల మీదుగా కాగడా విసిరేశాడు. ఉమాపతి ఎగిరి దాన్ని కట్టెలకు జానెడు దూరంలో పట్టుకున్నాడు. అరచెయ్యి కాలింది. అయినా వదల్లేదు.

నకిలీగాణ్ణి కట్టిపడేశాక ఉమాపతి గొట్టంలో చివరిదాకా పాకాడు. ఇటుకగోడ వెనక రేకుపెట్టె, దానికి రెండు తీగలు. వేడి తగిలితే పేలే బాంబు. తీగలు తెంపి బయటికి తెచ్చాడు.

"నారాయణమూర్తి బాబు ఏరండీ?" అడిగాడు అప్పలసూరి.

ఉమాపతి చెప్పాడు. అప్పలసూరి తలగుడ్డ మొహానికి అడ్డం పెట్టుకుని ఏడ్చాడు.

"అసలు ఇన్‌స్పెక్టర్ ఎప్పుడొస్తాడో తెలీదు. ఇక వెలిగించు నాయనా, మిలిటరీ లారీలు కాసుకునున్నాయి," అన్నాడు జగన్నాధం మెత్తగా.

అప్పలసూరి కళ్ళు తుడుచుకుని మళ్ళీ తలుపుకు అడ్డంగా కూర్చున్నాడు. "ఆ సంతకం దొంగది గదా బాబూ. అసలు బాబు రావాల, దూరాల, సంతకమెట్టాల."

"నేను దూరానుగా?" అన్నాడు ఉమాపతి.

"మీరు బాంబు సూసినారు. రివిట్లు సూసినారేటి?"

ఉమాపతి రేడియో దాచిన ఫౌంటెన్‌పెన్ క్యాప్ తిప్పి నోటి దగ్గర పెట్టుకున్నాడు. అవతల చీఫ్ మండిపడుతున్నాడు. "సంచుల లారీలు ఇంకా కదల్లేదేం? ముఠా లొంగలేదా?"

"ముఠా లొంగింది సార్. అప్పలసూరి లొంగలేదు."