నేల తాకితే

గోదావరి మెట్ల మీద, చేపల తట్ట పక్కన ఆరోగ్యం శవమై పడి ఉన్నాడు. ఒకే బుల్లెట్. చేపలమ్మే వేషం చివరిదాకా చెదరలేదు. ఏజెంట్ దేవ్‌సింగ్ వంగి చూశాడు. ఎన్నో మిషన్ల జతగాడు. అయినా లోపల ఏమీ కదల్లేదు.

భద్రాచలం లాడ్జిలో చీఫ్ క్రాంతికుమార్ బ్రీఫింగ్.

"టార్గెట్ రాకెట్ సైంటిస్ట్ కళావతి. ఈ సాయంత్రం అడవంచున ఆమె సొంతూర్ల హైదరాబాద్ ట్రూప్ కాంటెంపరరీ డాన్స్. కెమెరాల గన్ పెట్టుకొని షూటర్ వస్తుండు. ఫారిన్ కెమెరామెన్‌లు శానమందున్నరు. ఎవడో తెల్వదు."

"ప్రోగ్రాం ఆపితే?"

"ఆరోగ్యంను సంపిన హంతకుల రింగ్ మొత్తం జారిపోతది."

దేవ్‌సింగ్ డోలు కళాకారుడయ్యాడు. డోలు లోపల పిస్టల్.

స్టేజీ వెనక ట్రూప్ స్టార్ చాంది. పైకి రింగ్ మనిషి, లోపల్లోపల మన మనిషి.

"మధిర బస్సు పోయిందా?" దేవ్‌సింగ్ అడిగాడు.

"టైర్ పంచరైంది." కోడ్ కలిసింది. చాంది గొంతు తగ్గించింది. "అన్నా, ఈ డాన్స్‌కు ముందే కట్టిన వరస లేదు. రూల్సే. ఒకరు నేల తాకితే అందరం పడుకోవాలె. కొత్తవాళ్లు లోపలికొస్తే అందరం లేవాలె. కొత్తవాళ్లు రావుడు ఆగితేనే ఆట ముగుస్తది."

"అయితే ఏంది?"

"కెమెరాలు ఈ పక్క, కళావతి ఆ పక్క, నడుమ మేము. నేను నేల తాకాలె, అది రింగ్ ఆర్డర్. అందరం పడుకుంటే ఆమె ఒక్కతే కనవడ్తది. తాకకుంటే నన్ను కాలుస్తరు."

"భయమైతుందా?"

"తిమ్మిరెక్కిన కాలు తీరున్న."

"నేను గూడ."

ఆట మొదలైంది. ఎవరు ఎప్పుడు ఏం చేస్తారో ఎవరికీ తెలియదు. చాంది తిరిగి తిరిగి, వంగి, అరచెయ్యి నేలకు ఆనించింది.

అందరూ పడుకున్నారు. ఎదురుగా కళావతి.

దేవ్‌సింగ్ చేతులకు స్పర్శ లేదు. డోలు మాత్రం మోగింది. ఈ ఊళ్ల ఆడవాళ్లు ఆడే రేలా ఆట దరువు. రింగ్ హైదరాబాద్ రిహార్సల్ చూసి ప్లాన్ వేసింది. అక్కడ ప్రేక్షకులు కుర్చీలు వదలరు. ఇక్కడ ఆ దరువు పడితే కూర్చునే ఆడమనిషి లేదు.

"ఓ కళావతీ! సదువుకుంటే కాళ్లు పడిపోయినయా? లే!" పక్కన కూర్చున్న ఊరి మనిషి ఎర్రమ్మ ఆమె రెక్క పట్టి లాగింది. ఊరి ఆడవాళ్లు భుజాలు పెనవేసుకుని లోపలికొచ్చారు. కొత్తవాళ్లు! రూలు ప్రకారం డాన్సర్లంతా లేచారు. కళావతి గుంపులో కలిసిపోయింది.

ఒక్క లెన్స్ మాత్రం ఆటను వదిలేసి ఆమెనే వెతుకుతోంది. లెన్స్‌కు ఆమె దొరికింది. ట్రిగ్గర్ మీద వేలు.

అది పసిగట్టిన చాంది కాలు ట్రైపాడ్‌ను తన్నింది. బుల్లెట్ ఆకాశంలోకి పోయింది. షూటర్ మెడకు దేవ్‌సింగ్ పిస్టల్ ఆనింది. దేవ్‌సింగ్ వదిలిన డోలు అప్పటికే ఇంకెవరో అందుకున్నారు.

సెల్ మోగింది.

"అయిపోయిందా?" చీఫ్ గొంతు.

దేవ్‌సింగ్ అడవి బాట వైపు చూశాడు. దరువు విని పక్క ఊళ్ల ఆడవాళ్లు గుంపులుగా వస్తున్నారు.

"మిషన్ అయిపోయింది సార్. డాన్సే, ఇప్పట్ల అయ్యేటట్టు లేదు."