కాళ్ల కింద నాపరాయి

తాండూరు చుట్టుపక్కల చంద్రప్పలా నాపరాయి చీల్చే మొనగాడు పుట్టలేదు, ఇక పుట్టడు. అతని సుత్తె పడితే రాయి పొరలుగా విడిపోవడమే గాని పగలడం ఎరగదు. ఒకసారి అలా చీలిస్తే రెండు పొరల నడుమ పడుకున్న కప్ప ఒళ్లు విరుచుకుని, చంద్రప్పను ఎగాదిగా చూసి, గెంతుకుంటూ పోయింది. ఈ ముసలి కళ్లతో చూసిందే చెబుతున్నాను.

అంతటివాడు ఈ మధ్య ఇంట్లో ఎవరికీ చెప్పకుండా ఒక పని చేశాడు. కోడలు కృపారాణి బషీరాబాద్ రోడ్డు మీదున్న తమ ఊరి నుంచి తాండూరులోని కళ్లద్దాల దుకాణంలో కొలువుకు రోజూ కరెంటు బండి మీద పోతుంది. చౌకలో దొరికిన బండి, ఒంటి చేత్తో ఎత్తేయొచ్చు. ఒకరోజు సిమెంటు లారీ పక్కనుంచి పోతే ఆ గాలికి బండి కాగితంలా ఊగడం చంద్రప్ప కళ్లారా చూశాడు. గనిలో బతుకంతా గడిపినవాడికి తెలిసిన వైద్యం ఒక్కటే. ఖాళీ బండి ఎగురుతుంది, రాయి ఎత్తిన బండి నేలను పట్టుకుని పోతుంది. అందుకని కాళ్లు పెట్టుకునే చోట, రబ్బరు చాప కింద, కొలతకు కోసిన నాపరాయి పలక అమర్చాడు. చెబితే కోడలు నవ్వుతుందని చెప్పలేదు.

ఆ ఉదయం కృపారాణి చార్జింగు వైరు పీకి మీటరు చూసి మొహం ముడుచుకుంది. పోయి రావడానికి సరిపోయే చార్జింగు కొన్నాళ్లుగా దారిలోనే నీరసపడుతోంది. మెకానిక్ బ్యాటరీ పని అయిపోయిందన్నాడు. పెద్ద బ్యాటరీ వేయించాలా, ముందు మంచి బ్రేకులా, లైటా అని ఆమె అత్త సంతోషమ్మతో మాట్లాడుతుంటే, చంద్రప్ప గోడకానుకుని లోలోపల మురిసిపోతున్నాడు. ఏ బ్యాటరీ అయినా వేసుకోనీ, బండి ఊగకుండా చేసింది తనే కదా.

అప్పుడే అతని కొడుకు, కృపారాణి భర్త వెంకటేశం లారీ దిగి వచ్చాడు. పరిగి మీదుగా హైదరాబాదుకు రాళ్లు తోలే డ్రైవరు. నిద్రలేక కళ్లు నిప్పుల్లా ఉన్నాయి.

"బ్యాటరీ లేదు, గీటరీ లేదు. అమ్మేస్త దాన్ని. కొలువు బంద్ చెయ్," అన్నాడు. "లారీలకెల్లి చూస్తె నీ బండి కాలి చెప్పంత గూడ కనబడదు. సప్పుడు గూడ రాదు. సస్తవ్."

"కనబడేటట్టు లైటు ఏపిస్త. కొలువు మాత్రం ఇడువ," అంది కృపారాణి.

వెంకటేశం చేతిలోని చాయ్ గ్లాసు గోడకేసి కొట్టాడు. సంతోషమ్మ చెంపకు గాజుపెంకు గీసుకుని నెత్తురు వచ్చింది. కృపారాణి హెల్మెట్ పెట్టుకుని వెళ్లిపోయింది.

ఎండెక్కకముందే ఆమెను ఆటోలో తెచ్చారు. మోచేయి దగ్గర చర్మం లేచిపోయింది, చీర మోకాలి దాకా నెత్తుటితో తడిసింది. ఊరి పక్క రోడ్డు దిగుడులో ఒక లారీ వెనకనుంచి దూసుకొచ్చి ముందుకొచ్చి హఠాత్తుగా వేగం తగ్గించిందట. బ్రేకు పట్టినా బండి ఆగలేదట, ఎవరో వెనకనుంచి నెట్టినట్టు లారీ కిందికి జారిందట. అంగుళాల తేడాతో బతికింది. లారీ ఆగకుండా పోయింది.

ట్రాలీలో వచ్చిన బండిని వెంకటేశం వాకిట్లోకి ఈడ్చి పడేశాడు. తన తండ్రి వాడే సమ్మెట ఎత్తి మొదటి దెబ్బకు లైటు, రెండో దెబ్బకు హ్యాండిలు విరగ్గొట్టాడు. అడ్డొచ్చిన తల్లిని తోసేశాడు. ప్లాస్టిక్ పెంకులు ఇంటికప్పు దాకా ఎగిరాయి. బండిని కాలితో తన్నితే రబ్బరు చాప ఊడి, నాపరాయి పలక జారి నేల మీద పడింది.

వెంకటేశం దాన్ని చేతిలోకి తీసుకున్నాడు. కాళ్లకు గీసుకోకూడదని అంచులన్నీ నున్నగా అరగదీసి ఉన్నాయి. అది ఎవరి పనితనమో ఆ ఇంట్లో అడగనక్కర్లేదు.

"నాయినా, ఏందిది?"

"బండి ఊగకుండ పెట్టిన, బిడ్డా," అన్నాడు చంద్రప్ప. అంటుండగానే అతనికి అర్థమైంది. దిగుడులో కోడలిని వెనకనుంచి నెట్టింది ఎవరో, బ్యాటరీని తిన్నది ఏమిటో.

వెంకటేశం పిడికిలి తండ్రి మూతి మీద పడింది. ముసలాయన వెల్లకిలా పడితే, గల్లా పట్టి లేపి మళ్లీ కొట్టాడు. నెత్తుటితో పాటు ఒక పన్ను నేల మీద రాలింది. సమ్మెట మళ్లీ పైకి లేచింది. సంతోషమ్మ కొడుకు మణికట్టును పళ్లతో కరిచి పట్టుకుంది. అయినా అతను వదల్లేదు. అప్పుడు కృపారాణి కుంటుకుంటూ వచ్చి మామకు అడ్డంగా, ఆ సమ్మెట కింద నిలబడింది.

"ఎయ్యి. మామ బరువే పెట్టిండు. లారీ తోలలే. గా లారీ నీ లారీ లెక్కనే ఉండె. గంతే జోరు. ఒక్కపారి గూడ ఎనక్కి చూడలే. నువ్వెప్పుడన్న చూసినవా?"

సమ్మెట మెల్లగా కిందికి దిగింది.

"పరిగి కాడ," అన్నాడు వెంకటేశం. "అద్దంల ఒక చిన్న బండి రోడ్డు దిగిపోవుడు కనబడ్డది. ఆడామె. లేసిందో లేదో నేను చూడలే కృపా. గప్పటిసంది నిన్ను రోడ్డు మీదికి పంపబుద్ది అయితలేదు." తండ్రి కాళ్ల దగ్గర కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.

చంద్రప్ప నెత్తురు ఉమ్మి లేచాడు. ఈ పాపిష్టి రాయి ఇంకెవరి కాళ్ల కిందికీ పోకూడదు, పొరలుగా చీల్చి పారేస్తానని సమ్మెట అందుకున్నాడు. దెబ్బ పడింది. పలక చీలలేదు. మరమరాల్లా ముక్కలు ముక్కలై వాకిలంతా చెదిరింది.

అందరూ ఆ ముక్కల వంక చూశారు.

"కప్ప ఏది మామా?" అంది కృపారాణి, కన్నీళ్లు తుడుచుకోకుండానే.

ముందు సంతోషమ్మ నవ్వింది, ఆ వెంటనే కొడుకు తల ఒళ్లోకి లాక్కుని బావురుమంది. చంద్రప్ప పన్ను పోయిన సందులోంచి నవ్వబోయి, నొప్పికి మూతి పట్టుకున్నాడు.

బండి బాగుపడింది. బ్యాటరీ పాతదే, దానికి రోగమేమీ లేదు. ముందు బ్రేకులు మార్చారు. లైటు మాత్రం వెంకటేశమే ఎంపిక చేశాడు. ఊరి చివర లారీలో కూర్చుని, ఒక్కో లైటూ పెట్టించి భార్యను ఎదురుగా రమ్మని, క్యాబిన్లోంచి దూరాన కనబడేదాకా ఒప్పుకోలేదు. ఇప్పుడు చిన్న బండి ఏది కనబడినా లారీ నెమ్మదిస్తుంది. వెనక అద్దంలో అది దాటిపోయేదాకా చూస్తాడు.

రాయి పగలడం ఎరగదన్నాను గాని, నిజం చెప్పొద్దూ, చంద్రప్ప చేతిలో పగిలిన రాళ్లతో కరణ్‌కోట దాకా రోడ్డు వేయొచ్చు. నా మాట మీద అనుమానముంటే తాండూరు కళ్లద్దాల దుకాణానికి పోండి. బల్ల మీద కాగితాలు ఎగరకుండా కృపారాణి పెట్టుకున్న రాయి ముక్క ఉంటుంది, ఒక అంచు నున్నగా అరగదీసి. కప్ప మాత్రం ఎక్కడా దొరకదు. దాన్ని కల్పించింది నేను. నేను పుట్టించిన నాటినుంచీ చంద్రప్ప ఆ కప్ప తనదేనని చెప్పుకుని తిరుగుతున్నాడు.