తొట్టికి పెట్టిన పేరు

సిర్వాహ్ కొండ కింద రాతి తొట్టి పని ముగిసింది. గోడలకు పూసిన సున్నాన్ని ఆడవాళ్లు గులకరాళ్లతో రుద్ది రుద్ది అద్దంలా చేశారు. ఇక మిగిలింది పేరు. అక్కడ తొట్టి కట్టినా, కాలువ తవ్వినా దానికో పేరు పెట్టి రాతిమీద చెక్కాలి. పేరులేని చోట నీళ్లు నిలవవని పెద్దల మాట.

తొట్టి కట్టిన వహబిల్ తన కూతురి పేరు చెక్కాడు. కరువు ఏడాదిలో నీళ్లకని వెళ్లి, దారిలోనే గొంతెండి పడిపోయిన పిల్ల. దానికోసమే ఈ తొట్టి.

"దాహంతో పోయినదాని పేరు నీళ్లకు పెడతావుట్రా, మొండి వెధవా?" అంది మేనత్త హమదత్.

"రోజూ ఊరంతా దాన్ని తలుచుకుంటుంది అత్తా. నాకదే చాలు."

కొండమీంచి వరద దిగింది. తొట్టి అంచుదాకా నిండింది. ఆనవాయితీ ప్రకారం వహబిల్ గట్టుమీద నిలబడి ఆ పేరు పిలిచాడు. ఊరంతా అందుకుంది.

తెల్లారేసరికి చుక్క లేదు. సున్నంలో వెంట్రుకంత పగులైనా లేదు. లోపల నీటి వాసన రావాల్సిన చోట ఎండిన నోటి వాసన...

రెండో వరదా అంతే అయింది.

"మేకలు పడిపోతున్నాయి. రేపు పిల్లలు," అన్నాడు ఊరిపెద్ద. "ఆ పేరు చెరిపెయ్యి. దేవుడి పేరు పెట్టుకుందాం."

"చెయ్యి నరుక్కుంటాను గానీ..."

వహబిల్ మాట పూర్తికాకుండానే భార్య అబిరత్ ఒళ్లోని చంటివాణ్ణి చూపించింది. "చెరిపెయ్యయ్యా. వీడికి నా దగ్గర పాలింకిపోయాయి."

పొద్దుగూకే వేళ ఉలి పట్టుకుని ఒక్కడే వెళ్లాడు. మొదటి దెబ్బకు ఒక అక్షరం రాలింది. తొట్టి అడుగున ఎవరో నాలుకతో గోడ నాకుతున్న చప్పుడు.

ఇంకో అక్షరం రాలింది.

"నాన్నా..."

ఉలి ఆగింది.

"ఇంకా తీరలేదు నాన్నా..."

"రెండు వరదలు తాగావు కదే, తల్లీ."

"ఇంకొక్క గుక్క..."

కళ్లు మూసుకున్నాడు. కొట్టాడు. చివరి అక్షరం రాలింది. కింద ఇక చప్పుడు లేదు.

తట్టుకోలేకపోయాడు. గట్టుమీద బోర్లా పడి కూతుర్ని పిలవబోయాడు. నోరు తెరిచాడు...

పేరు రాలేదు.

ఇంటికి పరుగెత్తాడు. "అబిరత్, మన పిల్ల పేరేమిటే?"

ఆమె నోరు తెరిచింది. మూసింది. గుండెలు బాదుకుంది. పుట్టినప్పుడు పిల్లకు పేరు పెట్టిన హమదత్‌కూ గుర్తులేదు.

రాతిమీద దేవుడి పేరు చెక్కారు. ఈసారి వచ్చిన నీళ్లు నిలిచాయి. ఊరు కడుపారా తాగింది. అబిరత్‌కు పాలు పడ్డాయి.

అప్పటినుంచి రోజూ సందెవేళ వాళ్ల గడప ముందు ఒక పిల్ల వచ్చి నిలబడుతోంది. పెదాలు పగిలి ఉంటాయి. పిలిస్తే వస్తానన్నట్టు చూస్తుంది. అబిరత్ గడపకు ఇవతల కూర్చుని, తనకు తెలిసిన ఆడపిల్లల పేర్లన్నీ ఒక్కొక్కటే పిలుస్తుంది. ఏ పేరుకూ ఆ పిల్ల కదలదు.

నిన్న పొరుగింటి పిల్ల పేరు పిలిచింది. గడప ముందు పిల్ల నవ్వింది. లోపలికి ఒక అడుగు వేసింది.

ఈ ఉదయం పొరుగింటి తల్లి కూతుర్ని నీళ్లకు పంపుదామని కేక వేయబోయి, నోరు తెరిచి అలాగే నిలబడిపోయింది.